శ్రవణము – సంగీతవిద్యకు తొలిమెట్టు

ప్రహ్లాదుడు తన తండ్రికి తొమ్మిది భక్తిమార్గములను చెప్పునపుడు శ్రవణమును మొదటను, కీర్తనమును దాని వెనుకను చెప్పినట్లు శ్రీమద్భాగవతమున కలదు. వినుట ముందు, పాడుట తరువాత. భక్తునకు చెప్పబడిన ఈ క్రమము సంగీత విద్యార్థికిని అక్షరాల వర్తించును. చెవి గుర్తింపజాలని స్వరమును కంఠము పలుకజాలదు. ఒకవేళ పలికినను అది చీకటిలో విసరిన రాయి తగిలినట్టిదే గాని గురి చూచి కొట్టినది కాదు.

మన సంగీత కళాశాలలలో చదువు విద్యార్థులు వర్ణములను, కృతులను వ్రాతపుస్తకములలో ఎక్కించుకొందురు, సాధన చేయుదురు, పరీక్షలలో ఉత్తీర్ణులగుదురు. ఇది ప్రశంసనీయమే. కాని ఎన్నడును వినని పాట నొకదానిని వినిపించి, అందలి స్వరములను చెప్పుమన్నచో వారిలో పలువురు తల వంచుకొందురు. పాశ్చాత్య దేశముల సంగీత కళాశాలలలో చెవికి శిక్షణ నిచ్చుట ప్రత్యేకమైన పాఠ్యాంశము. దానికి వేరుగా పరీక్షయు కలదు. మన సంప్రదాయమున దానికి వేరు పేరు లేకుండుటకు కారణము అది లేకపోవుట కాదు. గురుకులవాసమంతయు అదియే అగుట. ఉదయము మొదలు రాత్రి వరకు గురువుగారి ఇంట తంబుర నాదమును, ఇతర శిష్యుల పాఠమును వినుచు పెరిగిన వానికి వేరుగా శ్రవణశిక్షణ ఎందులకు? గంట కొట్టగానే ముగియు తరగతిలో ఆ వాసము లభింపదు గనుక, ఆ లోటును విద్యార్థి తానుగా పూరించుకొనవలెను. ఆ విధమును తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక స్వానుభవము

ఈ రచయిత విద్యార్థిదశలో ఒక శ్రీరామనవమినాడు స్వగ్రామమందలి దేవాలయమున పాడుట తటస్థించెను. దేవగాంధారి రాగమున త్యాగరాజస్వామి కృతి నొకదానిని స్వరలిపి చూచి, గురుముఖమున వినకయే, వారము దినములలో కంఠస్థము చేసి పాడితిని. సభవారు మెచ్చుకొనిరి. స్వామికి సేవ చేయు వృద్ధ నాదస్వర విద్వాంసుడు మాత్రము పందిటి స్తంభము చాటున నిలిచి విని, అందరును వెడలిన పిమ్మట దగ్గరకు వచ్చి మెల్లగా ఇట్లనెను: "బాబుగారూ, స్వరాలన్నీ సరిగ్గానే పడ్డాయి. కాని తమరు పాడింది ఆరభి. దేవగాంధారి ఎక్కడా రాలేదు."

నాకు కొంత కోపము, మిక్కిలి సిగ్గు కలిగినవి. ఆయనకు స్వరలిపి చదువుట రాదు. కాని ఆయన చెప్పినది నిజము. ఆరభి, దేవగాంధారి రాగములకు ఆరోహణమున స, రి, మ, ప, ద అనునవియే స్వరములు. అవరోహణమున రెండింటికిని ఏడు స్వరములు. కాగితముపై రెండును కవల పిల్లల వలె నుండును. ఆరభి చురుకుగా నడచును. జంటస్వరముల పట్టుపై నిలుచును. అందు స్వరములు ఎక్కువగా ఊగవు. దేవగాంధారి నిదానముగా నడచును. దీర్ఘమైన నిలుపుదలలతో, కదలికలతో కరుణను ఒలికించును. ఈ భేదము నా పుస్తకమున లేదు; ఆయన చెవిలో నున్నది. మరునాటి సాయంకాలము ఆయన గర్భాలయమున కెదురుగా కూర్చుండి దేవగాంధారిని వాయించుచు, "నెలరోజులు పాడకండి, వినండి" అనెను. ఆ నెల దినములలో నేర్చుకొన్నంత నేను పెక్కు సంవత్సరములలో నేర్చుకొనలేదు.

శ్రుతిని వినుట

వినుటకు మొదటి పాఠము శ్రుతి. తంబురకు నాలుగు తీగలు: ఒకటి మంద్ర పంచమము, రెండు మధ్య షడ్జములు, ఒకటి మంద్ర షడ్జము. తీగకును గుర్రమునకును మధ్య సన్నని దారపు పోగును చొప్పించి సరిచేసినచో నాదము విచ్చుకొనును. దానినే జీవ అందురు. విద్యార్థి పాడుటకు ముందు దినమునకు పది, పదునైదు నిమిషములు నోరు మెదపక ఈ నాదమును వినవలెను.

ఏమి వినవలెను? మీటిన తీగ మొత్తముగ కంపించుటయే కాక సగము, మూడవ వంతు, నాల్గవ వంతు, ఐదవ వంతు భాగములుగ కూడ ఏకకాలమున కంపించును. మూడవ వంతు నుండి పంచమము పుట్టును. ఐదవ వంతు నుండి అంతర గాంధారము పుట్టును. కనుకనే మంద్ర షడ్జపు తీగను మీటినపుడు, ఎవ్వరును మీటని గాంధారము సన్నగా వినవచ్చును. దీనిని స్వయంభూ స్వరమందురు. మొదటి వారమున ఇది వినబడకపోవచ్చును. నిరాశ పడరాదు. ఒకనాడు హఠాత్తుగ వినబడును. అటుపిమ్మట వినబడకుండుట అసాధ్యము. ఆ దినమున విద్యార్థి చెవి తెరచుకొనినదని తెలిసికొనవచ్చును.

రెండవది, తంబురను తానే శ్రుతి చేయుట. రెండు షడ్జపు తీగలలో ఒకటి సెకనుకు 240 కంపనములతోను, రెండవది 242 కంపనములతోను మ్రోగుచున్నచో, ఆ రెండింటి కలయికలో సెకనుకు రెండు మారులు నాదము పొంగి తగ్గును. బిరడను త్రిప్పుచు పోగా ఆ అలలు నిదానించి, నిదానించి, రెండు తీగలు ఒక్కటైన క్షణమున పూర్తిగా అణగిపోవును. ఆ అలలను లెక్కించుటయే చెవికి చక్కని వ్యాయామము. ఇపుడు సెల్‌ఫోనులో సైతము తంబుర మ్రోగుచున్నది. ప్రయాణమున, ఇరుకు గదులలో అది ఉపకారియే. కాని అది తానుగా శ్రుతిలో నుండును. విద్యార్థిని శ్రుతి చేయనీయదు. వారమున కొక్కమారైనను నిజమైన తంబుర బిరడలను చేతబట్టని విద్యార్థి సగము విద్యను యంత్రమునకు అప్పగించినవాడగును.

శాస్త్రమునకు చెవియే ప్రమాణము

మన శాస్త్రము పుట్టినదే చెవి మీద. భరతముని నాట్యశాస్త్రమున ఇరువది రెండు శ్రుతులను నిరూపించుటకు రెండు వీణలను తీసికొనెను. రెండింటిని ఒకే విధముగ శ్రుతి చేసి, ఒకదానిని ధ్రువవీణగా కదలింపక ఉంచెను. రెండవది చలవీణ. దాని పంచమమును మధ్యమగ్రామ పంచమమగునంత వరకు తగ్గించి, తక్కిన స్వరములను ఆ మేరకే తగ్గించెను. ఇట్లు మరల తగ్గించినపుడు చలవీణ గాంధార నిషాదములు ధ్రువవీణ రిషభ ధైవతములలో కలిసినవి. మూడవ మారు రిషభ ధైవతములు షడ్జ పంచమములలో కలిసినవి. నాల్గవ మారు పంచమ, మధ్యమ, షడ్జములు క్రమముగ మధ్యమ, గాంధార, నిషాదములలో కలిసినవి. కొలబద్ద లేదు, యంత్రము లేదు. రెండు నాదములు ఒకటైనవా, కాలేదా అని తేల్చినది చెవి ఒక్కటియే. షడ్జ, మధ్యమ, పంచమములకు నాలుగేసి, రిషభ ధైవతములకు మూడేసి, గాంధార నిషాదములకు రెండేసి అను లెక్క ఇట్లు వినికిడిచే నిరూపితమైనది. అట్టి శాస్త్రమును లెక్కగా మాత్రమే వల్లించి పరీక్ష వ్రాయుట, నీటిని గూర్చి చదివి దాహము తీరినదనుకొనుట వంటిది.

స్వరస్థానములను గుర్తించుట

సరళి, జంట స్వరములను మాయామాళవగౌళలో నేర్పు పద్ధతిని పురందరదాసులవారు (1484–1564) ఏర్పరచినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. చెవి దృష్టితో చూచిన ఇందలి ఔచిత్యము తెలియును. ఈ రాగమున షడ్జ రిషభముల నడుమ దూరము అర్ధస్వరము. రిషభ గాంధారముల నడుమ మూడు అర్ధస్వరములు. గాంధార మధ్యమముల నడుమ మరల ఒకటి. దగ్గరి దూరము, పెద్ద దూరము ప్రక్కప్రక్కన నుండుటచే వాటి భేదము పసివానికైనను తెలియును. పంచమము మొదలు తారషడ్జము వరకు ఇదే నడక పునరావృత్తమగును. కనుక పూర్వాంగమును విన్నవానికి ఉత్తరాంగము సులభమగును.

అభ్యాసక్రమ మిది. ఇద్దరు విద్యార్థులు తంబుర ముందు ఒకరికొకరు వీపు చూపి కూర్చుండవలెను. ఒకరు స్వరము పేరు చెప్పక అకారముతో పాడగా రెండవవారు దాని పేరు చెప్పవలెను. మొదట షడ్జ, పంచమ, తారషడ్జములు మాత్రమే. అవి తడబాటు లేక తెలిసిన పిదప మధ్యమము. ఇచ్చట పలువురు పొరబడుదురు. మధ్యమమునుండి చూచినచో తారషడ్జము పంచమస్థానమున నుండును గనుక, మధ్యమమే షడ్జమను భ్రాంతి కలుగును. అట్టి సమయమున తొందరపడి పేరు చెప్పక, మనస్సును మరల తంబుర షడ్జమునకు తెచ్చుకొనవలెను. పిమ్మట గాంధార నిషాదములు, తుదకు రిషభ ధైవతములు. ఒక్కొక్క స్వరము వచ్చిన తరువాత రెండేసి స్వరముల దాటులు, ఆపై మూడేసి.

ఇందులకు హార్మోనియమును ఆధారము చేసికొనరాదు. షడ్జము 240 కంపనములైనచో పంచమము 360, శుద్ధ మధ్యమము 320, తంబురలో పుట్టు గాంధారము 300. హార్మోనియములో పండ్రెండు మెట్లను సమముగ పంచుటచే గాంధారము 302కు మించి పలుకును. రెండు కంపనములే గదా అనుకొనరాదు. ఇంతకు ముందు చెప్పిన అలలు పుట్టుటకు ఆ రెండే చాలును. హార్మోనియము భజనకు తోడుగ నుండదగినదే. కాని చెవికి గురువుగ నుండదగదు.

అక్షరమున కందని స్వరము

సుబ్బరామ దీక్షితులవారు ఎట్టయపురమున 1904లో తెలుగు లిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాక్షరములతో పాటు కంపితము, స్ఫురితము, నొక్కు, జారు, రవ మొదలగు గమకములకు ప్రత్యేక చిహ్నములను కూర్చిరి. స్వరాక్షరము మాత్రమే రాగము కాదని వారికి తెలియును. తోడిలోని గాంధారమును చూడుడు. వ్రాతలో అది 'గ' అను ఒక్క అక్షరము. పాడునపుడు అది రిషభ మధ్యమముల నడుమ ఊయల వలె ఊగును. అదే సాధారణ గాంధారము ఖరహరప్రియలో వేరొక విధముగ కదలును. స్థానము ఒక్కటి, రూపములు రెండు. చిహ్నము ఆ కదలికను జ్ఞాపకము చేయగలదు. వినని వానికి నేర్పజాలదు.

కావున విద్యార్థి ఒకే స్వరస్థానము గల రెండు రాగములను ప్రక్కప్రక్కన వినవలెను. ఒక్క స్వరమును మాత్రమే పట్టుకొని, అది ఎచ్చట బయలుదేరినది, ఎచ్చట నిలిచినది, ఎంత వేగముతో ఊగినది అని గమనింపవలెను. ఒక రాగమును ఒకే విద్వాంసుని వద్ద కాక ముగ్గురు నలుగురి వద్ద వినుట మేలు. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లైస్థానము శిష్యపరంపరలలో వేర్వేరు పాఠాంతరములతో నిలిచినవి. పాఠాంతరమును దోషమని త్రోసివేయక, ఒకే మార్గమున నడచిన వేర్వేరు అడుగులని వినినచో రాగము యొక్క హద్దులు తెలియును.

చెవిని పరీక్షించుటకు గ్రహభేదము చక్కని సాధనము. మోహన రాగ స్వరములను మార్పక, రిషభమును షడ్జముగ భావించి వినినచో మధ్యమావతి వినబడును. గాంధారమును షడ్జము చేసినచో హిందోళము. పంచమమును చేసినచో శుద్ధసావేరి. స్వరములు మారలేదు; వాటిని వినుటకు ఆధారమైన షడ్జము మాత్రమే మారినది. శ్రుతిజ్ఞానము లేక స్వరజ్ఞానము లేదనుట కింతకంటె నిదర్శనమేమి కావలెను?

లయను వినుట

కొందరు లయను చేతిపనిగ భావింతురు. చేయి వేయునది తాళము. లోపల వినబడునది లయ. దీనికొక సులభ పరీక్ష కలదు. ఆదితాళమున ఒక వరుసను పాడుచు, ఒక్క ఆవర్తము, అనగా ఎనిమిది అక్షరములు, నోటిని చేతిని ఆపి మౌనముగ నుండి, మరల సమమునకు సరిగా అందుకొనవలెను. తోటి విద్యార్థి ప్రక్కన తాళము వేయుచుండి సరిచూడవలెను. ఒక ఆవర్తము కుదిరిన పిదప రెండు, ఆపై నాలుగు. మొదట అందరును తొందరపడి ముందుగనే వచ్చెదరు. మౌనము పొడవుగా తోచుటయే దానికి కారణము. మౌనమును పూర్తిగా వినగలిగినవానికి లయ కుదిరినదని చెప్పవచ్చును. అటు తరువాత కృతి ఎత్తుగడ సమమా, అతీతమా, అనాగతమా అని వినినంతనే చెప్పుట అభ్యసింపవలెను.

వినిన దానిని స్వరపరచుట

పై మూడును కలిసిన పరీక్ష స్వరపరచుట. ఒక చిన్న సంగతిని మూడు మారులు మాత్రమే వినవలెను. మొదటి మారు కలము ముట్టరాదు. తాళమును, ఎత్తుగడను వినవలెను. రెండవ మారు నిలిచిన స్వరములను మాత్రము గుర్తింపవలెను. మూడవ మారు వాటి నడుమనున్న త్రోవను వినవలెను. అప్పుడు వ్రాసి, వ్రాసిన దానిని పాడి, అసలుతో సరిచూచుకొనవలెను. తప్పు వచ్చినచోట ఎఱ్ఱగీత గీసి విడువక, ఏ స్వరమును ఏ స్వరమని భ్రమించితినో వేరుగ వ్రాసి పెట్టుకొనవలెను. నెల తిరుగునప్పటికి ఆ పట్టికయే గురువగును; తన చెవి ఎచ్చట బలహీనమో అది చెప్పును. ధ్వనిముద్రణమును నూరు మారులు త్రిప్పి త్రిప్పి వినుటకు అలవాటుపడినవారికి మూడే మారులను నియమము కఠినముగ తోచును. కాని మరల వినవచ్చునను ధైర్యమున్నచోట మనస్సు సగమే వినును.

విజయనగరమున 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అచ్చట వయొలిన్ ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామి నాయుడుగారికి (1893–1964) కంటిచూపు మందము. అయినను ఆ కమాను నుండి వెలువడిన నాదశుద్ధిని తెలుగువారు నేటికిని తలచుకొందురు. కన్ను చేయజాలని పనిని చెవి చేసి చూపినది.

చెవి విడిచినది పోయినది

ఈ విషయమున మనకొక బాధాకరమైన పాఠము కలదు. తాళ్లపాక అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనములు తిరుమలలో రాగిరేకులపై చెక్కబడి నిలిచినవి. ప్రతి సంకీర్తనమునకును రాగము పేరు కలదు. లేనిది స్వరము. రాగిపై చెక్కిన అక్షరము శతాబ్దములను దాటి వచ్చినది. చెవి నుండి చెవికి రావలసిన వరుస నడుమ ఎచ్చటనో తెగిపోయినది. కొండమలహరి, అమరసింధు వంటి రాగములు ఆ రేకులపై పేర్లుగ నున్నవి; అన్నమయ్య వాటిని ఎట్లు పాడెనో ఇదమిత్థమని చెప్పగలవారు లేరు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి (1893–1979) వంటి పండితులు పలు సంకీర్తనములకు స్వరములను కూర్చి మనకు మరల పాడుకొను భాగ్యమును కల్పించిరి. వారికి మనము ఋణపడియున్నాము. కాని అది పునఃసృష్టి. పోయినది పోయినదే.

వినుట మానిన ఒక తరము వలన ఎంత నష్టము కలుగునో ఇందువలన తెలియుచున్నది. నేటి విద్యార్థి చేతిలో పుస్తకములు కలవు, ధ్వనిముద్రణములు కలవు. అవి రాగిరేకుల వంటివే. వాటిలోనిది విద్యార్థి చెవిలోనికి రానంతవరకు అది భద్రమైనట్లు కాదు.

నిత్యవిధి

చెప్పినదంతయు దినమునకొక గంటలో ఇముడును. తంబురను శ్రుతి చేసి వినుట పదునైదు నిమిషములు, స్వరములను గుర్తించుట పదునైదు, మౌనలయాభ్యాసము పది, ఒక సంగతిని స్వరపరచుట పది, మిగిలిన పది నిమిషములు, నేర్చిన కృతి నొకదానిని పెదవి కదపక మనస్సులోనే ఆద్యంతము పాడుకొనుట. మనస్సులో ఎచ్చట తడబడుదుమో సభలోను అచ్చటనే తడబడుదుము. చెవులకు ఊది పెట్టినట్లు మ్రోగు ధ్వనివర్ధకముల దగ్గరను, చెవిలో పెట్టుకొను పరికరములను హెచ్చు ధ్వనితోను గంటల తరబడి వినరాదు. ఒకమారు దెబ్బ తిన్న చెవి మరల మునుపటి వలె కాకపోవచ్చును.

ఆ వృద్ధ నాదస్వర విద్వాంసుడు ఇప్పుడు లేడు. ఆ నెల ముగిసిన నాడు నేను దేవగాంధారిని పాడగా ఆయన మెచ్చుకోలుగ ఏమియు అనలేదు. నాదస్వరము నెత్తి, నేను విడిచినచోట అందుకొని వాయించెను. నా పాటను ఆయన పూర్తిగా వినెననుటకు అదియే గుర్తు. మన విద్యార్థులు అట్లు వినువారగుదురు గాక. అట్లు వినబడుదురు గాక.